మట్టి దోసె దగ్గర నోరు మూసుకోవడం

మా అమ్మాయి ఇంట్లో వాగుడుకాయ, బడిలో మౌనవ్రతం. ఇంగ్లండ్‌లో మేముండే స్లౌ ఊరి నర్సరీలో చేరి రెండు టర్ములు గడిచినా టీచర్‌తోగానీ పిల్లలతోగానీ ఒక్క మాట మాట్లాడలేదు. ఈ టర్మ్ కూడా ఇలాగే ఉంటే స్పెషలిస్టుకు చూపిద్దామని టీచర్ మెల్లగా చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి నా భార్యకు అన్నం సయించడం లేదు.

తల్లిదండ్రులు వెళ్లి పిల్లల పక్కన కూర్చునే రోజున ఆవిడకు తను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో డ్యూటీ పడింది. నన్ను పంపుతూ గుమ్మంలో నిలబెట్టింది.

"ఆడ జోకులెయ్యబాకు. పిల్లనెవరన్నా ఏమన్నా అడిగితే మధ్యలో నువ్వు దూరబాకు."

"మరి నన్నేం చెయ్యమంటావే?"

"ఊపిరి పీల్చుకో. అది చాలు."

నేను ఎనిమిదో క్లాసుతో బడికి దండం పెట్టినవాణ్ణి. మా బడిలో మాట్లాడితే దెబ్బలు, ఇక్కడ మాట్లాడకపోతే మీటింగులు. నేను చదివింది తప్పు దేశంలో అనిపించింది.

నర్సరీ వెనక పెరట్లో మట్టి, నీళ్ల బకెట్, పాత గిన్నెలు పెట్టి పిల్లలకో ఉత్తుత్తి వంటిల్లు కట్టారు. బల్ల మీద కొత్తగా ఒక పెనం, గుంట గరిటె కనిపించాయి. కిందటి వారం గేటు దగ్గర టీచర్, ఇంట్లో పాపకు ఏమిష్టమని అడిగితే, "అమ్మ దగ్గర గరిటె లాక్కుని దోసెలు పొయ్యడం, నన్ను తిట్టడం" అన్నాను. నవ్వుతుందనుకున్నా. పెనం తెచ్చింది!

"తన బదులు మీరు చెప్పకండి, ఎంతసేపైనా సరే" అంది టీచర్ నాతో. సరేనన్నాను.

పసుపు బూట్ల పిల్ల ఒకతి వచ్చి మా అమ్మాయిని అడిగింది, ఏం చేస్తున్నావని.

"పిజ్జా! ఇటలీ నుంచి ఇప్పుడే దిగింది" అన్నాను. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక!

ఆ పిల్ల కిలకిలా నవ్వి వెళ్లిపోయింది. మా అమ్మాయి గరిటె కింద పెట్టేసి గోడవైపు తిరిగింది. టీచర్ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి వాళ్లమ్మ మొహం ఎలా చూడాలో తెలియక, మోకాళ్లు గడ్డానికి తగిలే ఆ బుల్లి కుర్చీలో బిగుసుకుపోయాను.

చాలాసేపటికి పాప గరిటె అందుకుంది. మట్టి పోసింది. దోసెకు ఒక పక్క తోక, ఇంకో పక్క కొమ్ము. ఆ మణికట్టు పట్టుకుని గుండ్రంగా తిప్పుదామని నా చెయ్యి ఒకటే లాగేస్తోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

పసుపు బూట్లు మళ్లీ వచ్చాయి. "అయిపోయిందా?"

పాప నావైపు చూసింది. ఎప్పుడూ జవాబు వచ్చేది ఇటునుంచే కదా. నాలుక చివర మూడు జోకులు వరసకట్టాయి. పళ్లు బిగించి బకెట్‌లోకి చూశాను. నీళ్లలో ఓ ఆకు తిరుగుతోంది. అది ఆగింది.

"నాట్ యెట్."

పాప గొంతే. జీరగా, పిసరంత.

"ఇట్స్ స్టిల్ కుకింగ్. వెయిట్."

"ఓకే" అంది ఆ పిల్ల, అదేదో రోజూ జరిగే సంగతైనట్టు.

టీచర్ చప్పట్లు కొట్టలేదు, ఆహా ఓహో అనలేదు. ఒక ప్లాస్టిక్ ప్లేటు తీసుకుని పసుపు బూట్ల వెనక వరసలో నిలబడింది. నేనూ ప్లేటు పట్టుకుని ఆవిడ వెనక చేరాను. దోసె ఎంతవరకు వచ్చిందో చూద్దామని కాస్త ముందుకు తోసుకుని మెడ చాచాను.

"డాడీ," అంది మా అమ్మాయి గరిటె చూపిస్తూ, "నో పుషింగ్."

నాలుక మీదికొచ్చిన జోకు మింగేసి, వరసలో ఒకడుగు వెనక్కి జరిగాను.