మిమ్మల్ని తీసుకెళ్ళడానికి మేం వస్తాం

చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అమెరికా వచ్చి నాలుగు రోజులు కాకముందే ఈ దేశం మీద పుస్తకం రాయగలనన్నంత ధీమా. ఏ కొట్లో కరివేపాకు తాజాగా ఉంటుందో, సాయంత్రంపూట ఏ హైవే ఎక్కకూడదో, రెస్టారెంట్‌లో ఐస్ లేకుండా మంచినీళ్ళు ఎలా అడగాలో, ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పేదాన్ని. (మా రూమ్మేట్ నాకు 'ఎంక్వైరీ కౌంటర్' అని పేరు పెట్టింది. అది అసూయ కొద్దీ పెట్టిన పేరని అప్పట్లో నా నమ్మకం.) అలాంటి నాకు టెక్సస్‌లోని ఇర్వింగ్ అనే ఊళ్ళో కాన్ఫరెన్సులు జరిపించే ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం రావడమూ, కొద్ది నెలలకే విదేశాల నుంచి వచ్చే అతిథులకు ప్రయాణ సమాచారం రాసే పని ఒళ్ళో వచ్చి పడటమూ చూసి, పైవాడు ఎవరి ప్రతిభ ఎంతో గమనిస్తూనే ఉంటాడనుకున్నాను.

మా మేనేజరుకు నేను లోపల్లోపల పెట్టుకున్న పేరు టేపు మేడమ్. హాల్లో కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎడం ఆవిడ టేపు పెట్టి కొలిచేది, మాట కూడా కొలిచే మాట్లాడేది. నా హెచ్‌వన్ వీసాకు కంపెనీ అప్లై చేయాలా వద్దా అన్నది అప్పుడు ఆవిడ చేతిలో ఉంది. "ఈ ఈవెంట్‌లో నీ పని చూసి చెప్తాను" అంది. (ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషులోనే, మన భాషలోకి నేను లాక్కొస్తున్నాను.) అంటే పని బాగుంటే టెక్సస్, బాగోకపోతే మా ఊరు ఖమ్మం. ఖమ్మం మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే వెళ్ళేటప్పుడు స్టేషన్‌కొచ్చి సాగనంపిన బంధువులందరికీ మళ్ళీ మొహం చూపించాలి కదా.

ఆ కాన్ఫరెన్సు విత్తనాల శాస్త్రవేత్తలది. "నువ్వూ బయటి దేశం నుంచి వచ్చినదానివే. వచ్చినప్పుడు నీకేం తెలిసి ఉంటే బాగుండేదో అది రాయి" అంది మేడమ్. ఇక నన్ను ఆపేదెవరు? బయట ఎండ మండిపోతున్నా స్వెటర్ తెచ్చుకోండి, ఈ ఊళ్ళో ఏసీలు మనుషుల కోసం కాక మామిడిపళ్ళ కోసం పెట్టినట్టుంటాయి అని రాశాను. మీ దేశపు ప్లగ్గులు ఇక్కడి గోడల్లో పట్టవన్నాను. రోడ్డుకు అవతల కనిపిస్తున్న హోటలే కదా అని నడిచి బయల్దేరకండి, ఆ రోడ్డు హైవే అన్నాను. విత్తనాలు మూటగట్టుకు రావద్దు, తప్పకపోతే కస్టమ్స్ వాళ్ళకు ముందే చెప్పండి అన్నాను. (విత్తనాల శాస్త్రవేత్తలతో ఆ మాట అనడమూ, మా పిన్నితో ఆవకాయ తేవద్దనడమూ ఒకటే.) ఆఖరున ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కు చేరడం ఎలా అన్న దగ్గర, టాక్సీల గురించి రాయాల్సిన చోట, పెన్ను ఆగకుండా ఇలా రాసేశాను: "మీ ఫ్లైట్ వివరాలు పంపండి. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి మేం వస్తాం."

ఒట్టేసి చెబుతున్నాను, అందులో ఆలోచించడానికేమైనా ఉందని నాకు తట్టనేలేదు. ఊరుగాని ఊరు వస్తున్న మనిషికి ఎవరూ ఎదురు వెళ్ళకపోవడం ఎక్కడైనా ఉంటుందా? నేను దిగిన రోజున పక్క ఊరు కాపెల్‌లో ఉండే మా బాబాయి (నాన్నగారికి వరసకు తమ్ముడు) ఆఫీస్‌కి సెలవు పెట్టి మరీ వచ్చాడు. పిన్ని పులిహోర డబ్బాతో వచ్చి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేనే అనుకుని వచ్చినవాళ్ళందరికీ చెయ్యి ఊపింది. అతిథి వస్తే జరిగేది అదే అనుకున్నాను. మేడమేమో అది చదివి హోటల్ వాళ్ళ వ్యాన్ సంగతి కాబోలనుకుని సరేనంది.

ఆ హోటల్‌కు వ్యానే లేదు. ఆ సంగతి మాకు తెలిసేసరికి ఫ్లైట్ నంబర్లు వర్షంలా కురిశాయి. విదేశాల నుంచి వస్తున్న పాతికమంది దాకా మహా సంతోషంగా జవాబిచ్చారు. ఒకాయన తాను ఆకుపచ్చ టోపీ పెట్టుకుంటానని రాశాడు. జపాన్ దంపతులు మమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ చెబుతూ తమ ఫొటో పంపారు. మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది.

"వీళ్ళ కోసం ఎవరు వెళ్తారు?"

"మేం."

"ఎవరా మేం?"

అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నా వెనక ఎవరూ లేరు. బస్సుకు బడ్జెట్ లేదనీ, టాక్సీల్లో రమ్మని అందరికీ క్షమాపణ మెయిల్ పంపమనీ మేడమ్ నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదిలో నాకు ఖమ్మం స్టేషన్ కనిపించింది. మెయిల్ రాయడానికి కూర్చుంటే ఆకుపచ్చ టోపీ కళ్ళముందు మెదిలింది, ఇక చెయ్యి ఆడలేదు. ఏడుపు గొంతుతో బాబాయికి ఫోన్ చేశాను.

"ఎంతమందే?" అన్నాడు బాబాయి.

చెప్పాను.

"గింతేనా? సెమిస్టర్ మొదలైతే ఒక్క వీకెండ్‌లో ఇంతకు డబల్ స్టూడెంట్స్‌ని పికప్ చేస్తం. వాళ్ళకి ఒక్కొక్కళ్ళకి మూడు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్. నీ సైంటిస్టులకేముంటది, ఒక లాప్‌టాప్. మన తెలుగోళ్ళ గ్రూప్‌ల మెసేజ్ పెడుతున్న, నువ్వు ఫోన్ పెట్టెయ్."

మర్నాడు మేడమ్ దగ్గరికెళ్ళి మా వాళ్ళు వస్తారన్నాను. ఆవిడ కంపెనీ పేరు, ఇన్సూరెన్సు అంటూ ఏవేవో లెక్కలు చెప్పింది. "కంపెనీ పేరెందుకమ్మా, మా ఇంటికొచ్చే చుట్టాలనుకుంటం" అన్న బాబాయి మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆఖరికి ఒప్పుకుని, "ఏం తేడా వచ్చినా అది నీ మీదే" అంది.

మన వాళ్ళకు ఎయిర్‌పోర్ట్‌లో మనుషుల్ని రిసీవ్ చేసుకోవడం ఒక విద్య. అతిథులు దిగిన రోజున నేను దాన్ని కళ్ళారా చూశాను. ఏ విమానం ఏ టెర్మినల్‌కి వస్తుందో, దిగాక ఇమిగ్రేషన్ దాటి బయటపడటానికి ఎంతసేపు పడుతుందో, కారు ఎక్కడ ఆపుకుని ఎదురుచూస్తే డబ్బు పడదో, ఫోన్ పనిచేయని మనిషి ఏ తలుపు దగ్గర తచ్చాడతాడో, బాబాయి గ్రూప్‌లోని అంకుల్స్‌కు అన్నీ కొట్టిన పిండి. తలా ఒక టెర్మినల్ పంచుకున్నారు. అమెరికాలో పుట్టిన వాళ్ళ పిల్లలు అట్టముక్కల మీద రంగురంగుల పేర్లు రాసి పట్టుకున్నారు. ఆకుపచ్చ టోపీని చూడగానే ఒక ఆంటీ "అదుగో, మనాయనే!" అని కేక పెడితే, బ్రెజిల్ నుంచి వచ్చిన ఆ మనిషి ఏమీ అర్థం కాకపోయినా రెండు చేతులూ ఎత్తి పరుగెత్తుకొచ్చాడు. జపాన్ దంపతులూ మా పిన్నీ ఒకరికొకరు వంగి వంగి నమస్కారాలు పెట్టుకుంటూ ఎంతకీ ఆపకపోతే, దారి కావాలని వెనకవాళ్ళు అడగాల్సి వచ్చింది. వరసగా కదులుతున్న ఆ మినీవ్యాన్లను చూస్తుంటే నాకు ఎక్కడలేని గర్వం వచ్చేసింది. వీళ్ళంతా నా వాళ్ళు, నేనిచ్చిన మాట కోసం వచ్చారు అని ఎయిర్‌పోర్ట్ మైకులో చెప్పాలనిపించింది.

ఆ గర్వం మర్నాడు పొద్దున్న దాకా నిలిచింది. ప్రారంభోపన్యాసం ఇవ్వాల్సిన కెన్యా ప్రొఫెసర్ హోటల్లో లేడు. ఆయన గదిలో అసలు దిగనేలేదట. హాలు నిండుతోంది, మేడమ్ టేపు పక్కన పడేసి నా దగ్గరికొచ్చింది. "నీ వాళ్ళు ఆయన్ని ఏం చేశారు?" అంది. ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది.

"మెల్లిగా మాట్లాడవే, ఆయన దోసె తింటున్నాడు. పాపం, సూట్‌కేస్ రాలేదుటే. కట్టుబట్టలతో హోటల్‌కి ఎలా పంపిస్తాం? మనింట్లోనే పడుకోబెట్టాం."

"పిన్నీ! ఆయన ఇప్పుడు స్టేజ్ ఎక్కాలి!"

"ఎక్కుతాడులే. మీ బాబాయి గృహప్రవేశం పట్టు కుర్తా ఐరన్ చేస్తున్నా."

ప్రొఫెసర్ ఆజానుబాహువు. బాబాయి కుర్తా ఆయనకు మోచేతుల దగ్గరే ఆగిపోయింది, అది కనపడకుండా పిన్ని జరీ కండువా కప్పింది. ఆ వేషంలో ఆయన పెళ్ళిపెద్దలా నడిచి వస్తుంటే నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను. మేడమ్ వైపు చూసే ధైర్యం లేదు. ఆయన మైకు ముందు నిలబడి కండువా సర్దుకున్నాడు.

"ఎన్నో దేశాల్లో కాన్ఫరెన్సులకు వెళ్ళాను. దిగగానే నా పేరు రాసిన బోర్డు పట్టుకుని డ్రైవర్ నిలబడి ఉంటాడు, తలూపుతాడు. నిన్న నన్ను చూసి ఒకావిడ చెయ్యి ఊపింది. ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. నా కోసమేనట."

హాలంతా చప్పట్లు. గుమ్మం దగ్గర నిలబడ్డ బాబాయి తన కుర్తాకే ఆ చప్పట్లన్నట్టు నవ్వాడు. నేను స్తంభం చాటునే కళ్ళు తుడుచుకున్నాను.

కాన్ఫరెన్సు అయిపోయాక మేడమ్ పిలిచి నా వీసా కాగితాల మీద సంతకం పెట్టింది. పొగడ్తా లేదు, చీవాట్లూ లేవు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది.

"గురువారం మా అమ్మ ఒహాయో నుంచి వస్తోంది. ఎప్పుడూ కారు బుక్ చేసేస్తాను." కాసేపు కాగితాలు సర్దింది. "వెళ్తే, ఎక్కడ నిలబడాలి?"

మళ్ళీ వచ్చి కూర్చుని చెప్పాను. ఏ తలుపు దగ్గరో, ఎప్పుడు బయల్దేరాలో, తినడానికి ఏదైనా పట్టుకెళ్తే ఎంత బాగుంటుందో, అన్నీ. ఆవిడ ఒక్క అడ్డుప్రశ్న కూడా వేయకుండా విన్నది.

ఇప్పుడు నేనూ మేనేజర్నే. అతిథుల కోసం నేను రాయించే పేజీలో టాక్సీలు ఎక్కడ దొరుకుతాయో వివరంగా ఉంటుంది, లాయర్లు కూడా చదివి సరే అంటారు. ఎవరూ ఏ మాటా పట్టుకుని అడగలేరు. ఒక్కోసారి దాన్ని చదువుకుంటుంటే ఆ పాత పిల్ల గుర్తొస్తుంది. ఒక్కరినైనా అడక్కుండా ఊరందరి తరఫునా మాటిచ్చేసి నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకుంది. అంత ధైర్యం ఇప్పుడు నాకు లేదు. కానీ ఆ మాట నిలబెట్టిన ఊరు నాదేనని చెప్పుకోవడం మాత్రం ఇప్పటికీ మానలేదు.