పొట్టి చేతి స్పిన్నర్, ఆఖరి ట్యాంకులో కొర్రమట్ట

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం. ఒట్టు వేసి మరీ ఎందుకు చెబుతున్నానంటే, సంగారెడ్డి బస్టాండు నుంచి బొంతపల్లి దాకా నా మాటకున్న పరపతి మీకు తెలియదు. (మంజీర ఒడ్డున మొసలి నన్ను బీడీ అడిగిందని చెప్పుకుంటారు. తప్పు. అగ్గిపెట్టె అడిగింది, బీడీ దాని దగ్గరే ఉంది. జనం మార్చి చెబుతారు.) ఈ ఒక్క సంగతిలో మాత్రం నేను ఉప్పూ కారం ఏమీ కలపలేదు.

ఆ రోజుల్లో జిన్నారం వైపు ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్లేవాళ్లలో రెండే జాతులుండేవి, పర్మినెంటూ కాంట్రాక్టూ. క్యాంటీన్‌లో పర్మినెంటువాడి పళ్లెంలో పెరుగు పడేది, కాంట్రాక్టువాడి పళ్లెంలో ఆ పెరుగు గిన్నె కడిగిన నీళ్లలాంటి మజ్జిగ పడేది. నాకు ఇరవై రెండేళ్లు, మజ్జిగ జాతి. మందుల పొడి తయారు చేసే ఆ కంపెనీలో మెయింటెనెన్స్ షాపు హెల్పర్ని. మూడు నెలలకోసారి కాంట్రాక్టు పొడిగించేవారు. ఆ నెలాఖరుకు సగంమందిని తీసేసి, ఒకరిద్దరిని పర్మినెంటు చేస్తారని అప్పటికే పుకారు లేచింది. నాన్న పోయి ఏడాదైంది. ఇంట్లో అమ్మా, చెల్లీ, నా జీతమూ మిగిలాం. లిస్టులో నా పేరు ఉంటుందా ఊడుతుందా అన్నదే నాకు తెల్లవారితే మొదటి ఆలోచన, పొద్దుగూకితే చివరి ఆలోచన.

షాపులో నా గురువు ఒక ముసలి ఫిట్టరు, అందరికీ ఉస్తాద్. బాయిలరు పక్కన ముప్పై ఏళ్లు నిలబడి ఒక చెవి పోగొట్టుకున్నాడు. వినబడని చెవిని మాత్రం ఎప్పుడూ మేనేజర్ వైపే తిప్పేవాడు. ఆదివారాలు మంజీరకు పోయి చేపలు పట్టడం ఆయనకు నమాజు తర్వాత నమాజంతటిది. జెద్దాలో ఉన్న తమ్ముడు పంపిన గాలపు కర్ర, దారం చుట్టే చక్రం ఆయన బీరువాలో బట్టలకన్నా భద్రంగా ఉండేవి.

మా ఫ్యాక్టరీ వెనక ఒక కాంక్రీటు ట్యాంకు ఉండేది. లోపల వాడిన నీళ్లను శుభ్రం చేశామనుకున్నాక చివరగా అందులోకి వదిలేవారు, అక్కణ్నుంచి మా ఊరి మీదుగా పోయే వాగులోకి. ఆ ట్యాంకులో చేపలు పెంచడం మా కంపెనీ ఆచారం. తనిఖీకి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లి, "చేపలు బతుకుతున్నాయి చూడండి, నీళ్లకింకేం కావాలి?" అని చూపించేవారు. చుట్టూ మా మేనేజర్ గులాబీ మొక్కలు వేయించాడు. అందుకే ఆయన మాకు గులాబీ సార్.

ఆ వానాకాలం మా పొడి కొనే బయటి కంపెనీ తరఫున ఒక ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే ట్యాంకులో చేపలు మాయమవడం మొదలైంది. సోమవారం రెండు టిన్నుల రోహు పిల్లలు వదిలితే గురువారానికి ఒక్కటీ లేదు. ఎవరో ట్యాంకులో పెద్ద కొర్రమట్ట మెదలడం చూశారు. వానకు వాగులోంచి గట్టెక్కి పాక్కుంటూ వచ్చి పడి ఉంటుంది, ఆ జాతికి అది అలవాటే. దొంగ దొరికిందని గులాబీ సార్ నిర్ధారించాడు.

"ఎల్లుండే తనిఖీ. ఆ రాక్షసిని తీసెయ్యండి, కొత్త పిల్లల్ని వదులుదాం" అన్నాడు ఉస్తాద్‌తో. ఉస్తాద్ చెవి తిప్పేసరికి నా వైపు తిరిగి, "నువ్వు పట్టించావనుకో, లిస్టులో నీ పేరు నేనే రాస్తా" అన్నాడు.

నాకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. వల వేద్దామంటే ట్యాంకు అడుగునా గోడల వెంటా గాలి కొట్టే పైపులు, వల పీలికలైంది. వానపాము ఎర కడితే చేప చూడనన్నా చూడలేదు. అప్పుడు ఉస్తాద్ చెప్పాడు, "స్పిన్నర్ చేద్దాం రా బేటా. నా తాన ఒకటుండె, పోయిన రంజాన్‌ల రాయికి తట్టి తెగిపాయె. మనకు షాపుల లేని సామానేంది?"

చిన్న చేపలా మెరిసి పెద్ద చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎర అది, తెరిచిన పిన్నీసులాంటి తీగ. వంపు దగ్గర దారం కడతారు. కింది చేతికి సీసపు గుండు, కొక్కెం, కొక్కేన్ని కప్పే కుచ్చు. పై చేతి చివర గిరగిరా తిరిగే రేకు. వెల్డింగ్ రాడ్డు వంచి తీగ చేశాను. డ్రమ్ముల మూతలకు వేసే సీసం సీళ్లు కరగబోసి గుండు, నారింజ రంగు రబ్బరు గ్లౌజు కత్తిరించి కుచ్చు. క్యాంటీన్ చెంచా తల కోసి రేకు. (మరుసటి రోజు క్యాంటీన్‌లో పులిహోర చేత్తో తిన్నవాడు ఒకడున్నాడు. అది నేనే.) గొప్పగా కనబడాలని పై చేతిని జానెడు పొడుగు పెట్టాను. కిందికి వదలగానే అది పక్కకు ఒరిగి, దారం తనకే చుట్టుకుని, పోయి పైపును కావిలించుకుంది. తెంపుకోక తప్పలేదు.

"పొడుగు చెయ్యి ఎందుకు పెట్టినవ్ రా, సార్‌కు సలాం కొట్టనీకా?" అన్నాడు ఉస్తాద్. "పొడుగుది అడ్డంగ గుంజనీకి మంచిగుంటది. ఈడ గుంజనీకి జాగేడుంది? గోడెంబడి సీదా కిందికి ఇడువాలె. పొట్టిదైతే దిగుతున్నప్పుడు గూడ రేకు తిరుగుతనే ఉంటది. గా కొర్రమట్ట దిగేటిదాన్నే పడ్తది."

రెండోది పొట్టి చేతిది. రేకు సరిగ్గా కొక్కెం పైకి వచ్చి ఆగింది. గోడ పక్కనే వదలడం, అడుగుకు చేరాక మెల్లగా లేపడం, మళ్లీ వదలడం. రేకు తిరుగుతున్నంతసేపూ కర్రలో సన్నటి వణుకు వేళ్లకు తెలుస్తుంది. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగుతుండగా ఆ వణుకు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"గుంజు!" అని ఉస్తాద్ అరిచాడు.

చేప పైకి వచ్చింది. నా అంత ఉంది. (సరే, నా చెయ్యంత. సరే, మోచేతి దాకా.) పట్టిన సంబరం దాన్ని దగ్గర్నుంచి చూశాక నిలవలేదు. ఒంటి మీద నల్లటి మచ్చలు వెలిసిపోయి ఉన్నాయి, ఒక కన్ను తెల్లగా గుడ్డిదైంది. చేప వాసన రాలేదు, మా ప్లాంటు వాసన వచ్చింది. ఉస్తాద్ కొక్కెం జాగ్రత్తగా విప్పి, దాన్ని నీలం డ్రమ్ములో ఇన్ని బోరు నీళ్లు పోసి పెట్టాడు. గులాబీ సార్ నా వీపు తట్టాడు. సాయంత్రం మూడు టిన్నుల కొత్త పిల్లల్ని వదిలారు. ఇంటికి పోయి అమ్మతో, "పెరుగు జాతిలో కలుస్తున్నా" అన్నాను.

పొద్దున వెళ్లేసరికి ట్యాంకు నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. తోటపని చేసే పెద్దమ్మ పొడుగాటి జల్లెడతో ఒక్కొక్కటే తీసి తట్టలో వేస్తోంది.

"పెద్దమ్మా, ఏంది గిది?"

"ఏముంది బిడ్డా, రోజు తీసుడే గద. ఇయ్యాల జెర ఎక్కువున్నయి."

"రోజూనా? మట్ట తింటుందని గదా మేం దాన్ని పట్టింది!"

"మట్ట ఏం తింటది పాపం, గదే ఆకలికి ఎండింది. ఇవన్ని చచ్చి తేల్తయి, నేను తీసి గులాబీల మొదట్ల పాతిపెడ్త. పూలు జూడు, ఎంతెంత పూసినయో."

"మరి ముందే చెప్పరాదే!"

"నన్నెవ్వలడిగిండ్రు కొడుకా?"

అప్పుడు అర్థమైంది. కొర్రమట్ట నీళ్ల మీదికి వచ్చి మనలాగే గాలి పీల్చుకునే చేప, బురదలోనైనా బతుకుతుంది. ఆ ట్యాంకులో బతకగలిగినదల్లా అదొక్కటే, దాన్ని కాస్తా మేం పట్టేశాం. గులాబీ సార్ పరుగున వచ్చాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దాన్నే తెచ్చి మళ్లీ వెయ్యండి, తొందరగా!" అన్నాడు. డ్రమ్ము మోసుకొచ్చింది నేనే. వంచబోతుంటే ఉస్తాద్ తక్కువ గొంతుతో, "ఈ నీళ్లే గదరా మీ ఊరి బర్లు తాగేది" అన్నాడు. నేను వంచాను.

పదింటికి ఆఫీసరు వచ్చాడు. చిరిగిన పెదవితో కొర్రమట్ట పైకి వచ్చి, గుటకేసి, దిగింది. నిమిషానికి మళ్లీ వచ్చింది.

"చురుగ్గా ఉందే! ఎందుకలా మాటిమాటికీ పైకొస్తోంది?" అని ఆఫీసరు అడిగాడు. గులాబీ సార్ నా వైపు చూశాడు.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. "సార్, కింద దానికి ఊపిరాడట్లేదు. మిగిలినవన్నీ పొద్దున్నే చచ్చినయి, ఆ గులాబీల కింద తవ్వి చూడుండ్రి" అన్నాను. ఆఫీసరు ఫైలు మూసి వెళ్లిపోయాడు. గంటలో నా గేటు పాసు లాక్కున్నారు. ఖాళీ టిఫిన్ డబ్బాతో బయటికి నడుస్తుంటే ఉస్తాద్ గేటు దాకా వచ్చి నన్ను గుండెకు హత్తుకున్నాడు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. ట్యాంకు నిజం, స్పిన్నర్ నిజం, పెద్దమ్మ జల్లెడ నిజం. ఆ ఒక అడుగు ముందుకు వేయడం మాత్రం నా కల్పన. ఆఫీసరు అడిగిన మాట నిజమే. నేను పళ్లన్నీ బయటపెట్టి, "మిమ్మల్ని జూసి సంబురపడుతున్నది సార్" అన్నాను. ఆయన పడీపడీ నవ్వి సంతకం పెట్టాడు. నెలాఖరు లిస్టులో నా పేరు మొదటిది. అమ్మ సంతోషంతో ఏడ్చింది. ఉస్తాద్ రిటైరయ్యేదాకా నాతో స్పానర్లూ బోల్టుల మాటలే మాట్లాడాడు, ఆదివారాలు మంజీరకు ఒక్కడే పోయేవాడు. నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో ఎదుటివాళ్లు నమ్మింది ఆఫీసరుకు చెప్పిన ఆ ఒక్కటే.

చెప్పీ చెప్పీ, నిజం చెప్పి గేటు బయటికి నడిచిన ఆ కల్పిత కుర్రవాణ్ని బాగానే పెంచుకున్నాను. ఇప్పటికీ కంపెనీ బస్సులో పోతూ కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన నడుస్తున్నట్టే ఉంటాడు. ఇన్నేళ్లుగా పని లేకుండా తిరుగుతున్నాడు, పాపం. ఎవరికైనా తెలిస్తే వాడికొక ఉద్యోగం చూపించండి.