టేపు పిన్నమ్మ యుద్ధనౌక

మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. అందుకే కన్నవాళ్లు పెట్టిన పేరు ఎక్కడో జారిపోయి, అందరికీ టేపు పిన్నమ్మగా మిగిలింది. ముప్పై తొమ్మిదేళ్లు కుట్టుమిషను తొక్కింది. బడి మూడో తరగతితోనే సరి. అయినా మనిషి గుమ్మంలో అడుగుపెడితే చాలు, భుజమెంతో నడుమెంతో చూపుతోనే చెప్పేసేది. ఆ తరవాత టేపు పెట్టి చూసుకుంటే పావంగుళం తేడా వస్తే వచ్చేది, చాలాసార్లు అదీ వచ్చేది కాదు. చుట్టుపక్కల సగం మంది ఒంటి మీద ఆవిడ చేతికుట్టే. తన ఒంటికి మాత్రం ఎప్పుడూ మిగిలిన ముక్కలే.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఉద్యోగం నుంచి దిగిపోయాక కాలు ఒకచోట నిలవక చెరువు క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బు మగవాళ్లకు ఒక పిచ్చి ఉంది. ప్లైవుడ్డు కిట్లు తెప్పించుకుని ఇళ్లలోనే యుద్ధనౌకలు కడతారు. ఒక్కొక్కటి పన్నెండడుగుల పొడవు, మనిషి పట్టేంత వెడల్పు. ఫిరంగులూ పొగగొట్టమూ జెండాకర్రా అన్నీ అమరుస్తారు. కట్టినవాడు లోపల కూర్చుంటే మూతలా తగిలించే పైగదిలో తల దాక్కుంటుంది. ఒడ్డున నిలబడ్డవాళ్లకు నిజమైన ఓడే ఎక్కడో దూరాన పోతున్నట్టు కనిపిస్తుంది. ఏడాదికొక రోజు అవన్నీ వరసకట్టి చెరువు చుట్టి వస్తాయి.

ఆయనకూ మనసు పుట్టింది. కిట్టు వచ్చింది, బల్లపరుపుగా మూడు పెట్టెలు. ఒక పెట్టె విప్పి, లోపలి కాగితం చూసి, మళ్లీ మూసి మంచం కిందికి తోసేశాడు. ఎనిమిది నెలలు అక్కడే పడి ఉన్నాయి.

"క్లబ్బులో ఎవరికైనా ఇచ్చేస్తానే, నావల్ల అయ్యేట్టు లేదు," అన్నాడొక పొద్దున.

"ఎవరికో ఎందుకు? నాకివ్వండి."

"నీకా! అది చొక్కా కాదే, యుద్ధనౌక."

"ముందు ఆ కాగితం ఇటు తెండి."

కాగితాన్ని నేలమీద పరిచింది. అక్షరాల జోలికి పోలేదు. బొమ్మలు చూసింది, అంకెలు చూసింది, పలకల అంచుల వెంబడి వరసగా ఉన్న సన్నటి బెజ్జాలు చూసింది. ఆ బెజ్జాల్లో రాగితీగ దూర్చి పలకను పలకకు బిగించాలి. లోపల జిగురు పట్టించి, ఆరాక తీగ కత్తిరించి, అతుకుమీద ఫైబర్ గ్లాసు గుడ్డ పట్టీ అంటించాలి. ఆవిడకు నవ్వాగలేదు.

"మీ మొహాలు మండ! ఇంతమంది మగాళ్లు తలలు పట్టుకు కూర్చుంటున్నది దీనికా? ఇది చొక్కానేనండీ. గుడ్డకు బదులు చెక్క, అంతే. కత్తిరింపు కూడా వాళ్లే చేసి పంపారు. మిగిలింది కుట్టడమేగా?"

"నీ ఇష్టం," అన్నాడాయన, నీ ఖర్మ అనే గొంతుతో.

ముందుగదిలోని మిషను వంటింటి గుమ్మం పక్కకు జరిగింది. పదకొండు రోజులు ఆవిడ నేలమీదే కూర్చుంది. తీగను ముక్కలు చేసి, బెజ్జాల్లో దూర్చి, పటకారుతో మెలితిప్పి, రెండువందల అరవై కుట్లు వేసింది. పన్నెండో పొద్దున ఓడ ఆకారాన్ని చూసుకుని మురిసిపోతుంటే, భర్త టీ గ్లాసుతో చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఆగాడు.

"ఏమే, ఈ పెన్సిలు అంకెలు బయటికి ఉన్నాయేంటి? నున్నటి పక్క లోపలికి పోయిందే!"

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. బట్టలు కుట్టేవాళ్లెవరైనా లోపలి పక్కను పైకి పెట్టి కుడతారు. కుట్టాక తిరగేస్తారు. ముప్పై తొమ్మిదేళ్ల అలవాటున్న చేతులు, ఆవిడను ఒక్క మాటైనా అడక్కుండా, ఓడనూ అలాగే కుట్టేశాయి. తిరగెయ్యడానికి ఇదేమన్నా లాగూనా?

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాడు. "పోన్లేవే, లోపల కూర్చునేవాడికి నున్నగా ఉంటుంది!"

"నవ్వడం అయిందా? అయితే ఆ కటింగ్ ప్లేయరు ఇటివ్వండి."

"మొత్తం విప్పేస్తావా ఏంటి?"

"కుట్టు విప్పడం రానిది దర్జీ ఎట్లా అవుతుంది? మీరు కాగితం చూసే తోక ముడిచారు. నేను కుట్టి, విప్పి, మళ్లీ కుడతాను. చూస్తూ కూర్చోండి."

రెండువందల అరవై కుట్లూ తెంపేసింది. కుడి పలకను ఎడమకు, ఎడమ పలకను కుడికి మార్చింది. ఈసారి ప్రతి పలకకూ బయటి పక్క ఏదో ముందే సుద్దతో గుర్తు పెట్టుకుంది. తీగ గుచ్చుకుని వేళ్లకొసలు గరుకెక్కాయి, చన్నీళ్లు తగిలినా మండేవి. తొమ్మిది రోజుల్లో ఓడ మళ్లీ లేచింది. ఆ రోజు నుంచి భర్త నవ్వడం మానేశాడు. మోటారూ బ్యాటరీ తను చూస్తానన్నాడు. చూశాడు కూడా. చుక్క నీరు దూరకుండా బ్యాటరీ పెట్టెకు మూత బిగించాడు. ఆ మాటకొస్తే, చేతకానివాడేం కాదు, ఒకరు మొదలుపెట్టాలంతే.

కూర్చునే కంత దగ్గరకు వచ్చేసరికి ఆవిడ ఆగింది. కాగితంలో గీసిన మనిషి ఎవడో గాని పుల్లలా ఉన్నాడు. ఆవిడ మెడలోంచి టేపు తీసి తన తుంటి కొలుచుకుంది. మోకాలి నుంచి పాదం దాకా కొలుచుకుంది. గీత గీసి, రంపం పెట్టి కంతను వెడల్పు చేసింది.

"ఎవరి కొలతే అది?"

"నాది."

ఎక్కేది ఎవరన్న మాట ఆ ఇంట్లో అప్పటిదాకా రాలేదు.

రంగు వేసే వేళకు క్లబ్బు సెక్రటరీ చూడ్డానికి వచ్చాడు. బూడిదరంగు నౌక గది నిండా పరుచుకుని ఉంది. అతుకు ఎక్కడుందో వేలితో వెతికాడు, వేలికి దొరకలేదు.

"బ్రహ్మాండంగా కట్టారండీ," అన్నాడు భర్తతో.

"నేను కాదండీ, ఆవిడే."

"అదేలెండి, పిన్నిగారూ సాయం చేశారు. వరస రోజున పిన్నిగారికి ఒడ్డున అందరికన్నా ముందు కుర్చీ వేయిస్తాను."

"కుర్చీ దేనికి నాయనా? నా సీటు ఓడలోనే ఉంది," అంది ఆవిడ.

సెక్రటరీ నవ్వు సగంలో ఆగిపోయింది. "మీరా? చూడ్డానికి ఆటలా ఉంటుంది గాని, నీళ్లండీ అవి! ముందు పరీక్ష ఉంటుంది. ముప్పై సెకన్లలో ఓడలోంచి బయటపడాలి, తరవాత చెరువు ఒక చుట్టు తిరగాలి. మీ వయసుకి, ఆ మోకాళ్లతో..."

"నా మోకాళ్లు నలభై ఏళ్లు మిషను తొక్కాయి. మీవేం తొక్కాయో చెప్పండి వింటాను."

సెక్రటరీ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆవిడ కోపంగా మళ్లీ కుంచె పట్టుకుంది. ఇన్నేళ్లూ ఆవిడ కుట్టింది, వాళ్లు వేసుకుని పోయారు. ఎంతమంది పెళ్లిబట్టలో ఆ చేతుల్లోంచి పోయాయి. గుమ్మంలో నిలబడి చూడడమే తన వంతు. ఇది కూడా ఎవడికో తొడిగి, ఒడ్డున చప్పట్లు కొట్టాలా? ఈ ఒక్కటీ తన ఒంటిది. ఇవ్వదు.

పరీక్ష రోజు పొద్దున అల్లుడు వచ్చి, మామగారితో కలిసి ఓడను చిన్న ట్రక్కులోకి ఎక్కించాడు. చెరువు దగ్గర సెక్రటరీ ఫారం తీసి చదివాడు. చదివింది అల్లుడి పేరు.

"ఎవరు రాశారది?" అంది ఆవిడ.

భర్త తన బూట్లకేసి చూసుకున్నాడు. "భయమేసిందే. నువ్వు మునిగితే..."

"భయం మీది, ఓడ నాది. ఎవరిది వాళ్లు పట్టుకుందాం."

"నన్ను అడిగితే కదా అత్తయ్యా!" అన్నాడు అల్లుడు. "ఆ కంతలో నేను కూర్చుంటే పళ్లెంలో గోళీలా దొర్లుతాను." జేబులోంచి పెన్ను తీసి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ ఆ పేరు కొట్టేసి, కింద తన పేరు రాసింది. ఒక్కో అక్షరం ఒక్కో వైపు వాలింది. చాలాసేపు పట్టింది. వెనక నిలబడ్డవాళ్లు గొంతు సవరించుకున్నారు. సవరించుకోనీ.

పైగది తీసి ఒడ్డున పెట్టి, గుండెలోతు నీళ్లలో ఓడను నిలిపారు. ఆవిడ ఎక్కి కూర్చుంది. ఈల మోగింది. రెండు చేతులూ అంచులకు ఆనించి లేవబోయింది. మోకాళ్లు మొరాయించాయి. పళ్లు బిగించి, మళ్లీ జారి, మళ్లీ లేచి, ఎలాగో నీళ్లలోకి దిగేసరికి డెబ్బై ఒక్క సెకన్లు.

"పోనీండి పిన్నిగారూ, ప్రయత్నమైతే చేశారు," అన్నాడు సెక్రటరీ జాలిగా. "ఇక అల్లుడుగారు..."

"ఇంకోసారి ఊదండి."

"పిన్నిగారూ..."

"ఊదమన్నానా!"

మళ్లీ ఎక్కి కూర్చుని ఒక్క క్షణం ఆలోచించింది. బిగుతు బట్టలోంచి మనిషి నిట్టనిలువుగా రాడు, పక్కకు ఒరిగి జారుతాడు. ఈల మోగీ మోగగానే ఆవిడ ఒళ్లంతా ఒక పక్కకు పారేసింది. ఓడ ఒరిగింది. నీళ్లు లోపలికి దూకాయి, ఆవిడ బయటికి దూకింది. తల మునిగిపోయింది. భర్త బూట్లతోనే చెరువులోకి పరిగెత్తాడు. ఆయన అందుకునే లోపే ఆవిడ లేచి నిలబడి, జుట్టు వెనక్కి తోసుకుని, ఓడ అంచు పట్టుకుంది.

"ఎంత?"

సెక్రటరీ గడియారాన్ని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. "తొమ్మిది."

"రాయండి. నా ఎదుటే రాయండి."

నీళ్లు తోడేసి, పైగది మళ్లీ తగిలించారు. ఈసారి ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు. మోటారు సన్నగా మూలిగింది. బూడిదరంగు నౌక ఒడ్డు వదిలి, మెల్లగా, నిటారుగా, చెరువు మధ్యకు పోయింది. చుట్టు పూర్తిచేసి ఒడ్డు దగ్గరికి వస్తుంటే సెక్రటరీ చెయ్యి ఊపాడు. "అయిపోయింది పిన్నిగారూ! ఆపెయ్యండి! ఒక్క చుట్టే!"

"అది మీ పరీక్షకి," అని పైగదిలోంచి గొంతు వచ్చింది. "ఇది నాకు."

నౌక ఆగకుండా వాళ్ల ముందు నుంచే సాగిపోయింది. భర్త నీళ్లు కారుతున్న బూట్లతో ఒడ్డు వెంబడి దానికి సమంగా నడవడం మొదలుపెట్టాడు. ఆవిడ వేగం పెంచింది.