యాభై ఒకటి

మా ఆయన మెకానిక్. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, బ్యాటరీతో నడిచే మూడు చక్రాల సామాన్ల బండి తయారుచేశాడు. అప్పటికి అలాంటి బండిని మా వైపు ఎవరూ చూసి ఎరగరు. మొదటిసారి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా తోలుకెళితే, చప్పుడే లేదేమిటని జనం ఆగి మరీ చూశారు. తిరిగొచ్చేటప్పుడు హబ్సిగూడ దగ్గర చార్జింగ్ అయిపోయిందనుకోండి, అది వేరే సంగతి. తోసింది నేనే కాబట్టి ఆ మాట చెప్పే హక్కు నాకుంది.

ఒక బండి చేశాం గానీ పది చేయాలంటే పెట్టుబడి కావాలి. అప్పుడు దొరికాడు మా భాగస్వామి. గుంటూరు వైపు నుంచి వచ్చి, నారపల్లిలో పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మి, బాగా వెనకేసిన మనిషి. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. మా ఇంట్లో సర్వపిండి రెండోసారి అడిగి వేయించుకునేవాడు. మంచివాడే. పళ్లు కొరుక్కుంటూ అయినా ఇప్పటికీ ఆ మాటే అంటాను.

కంపెనీ పెట్టే రోజు ముగ్గురం ఆడిటర్ ఆఫీసులో కూర్చున్నాం. వాటాలు చెరి సగమని ముందే అనుకున్నాం. ఆడిటర్ కాగితం మీద యాభై, యాభై అని రాయబోతుంటే నా మనసు ఒప్పలేదు. మా ఇళ్లలో పెళ్లి చదివింపుల కవరులో కూడా ఒక రూపాయి బిళ్ల కలపకుండా ఇవ్వం. సున్నాతో ముగిస్తే బంధం అక్కడితోనే ముగుస్తుందని మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది.

"శుభమా అని మొదలువెడుతున్నం సార్, సున్నా ఎందుకు? అన్నయ్యకు యాభై ఒకటి రాయుండ్రి, మిగిలింది మాకు" అన్నాను.

మా ఆయన కూడా తలూపాడు. బయటి మనిషికి ఒకటి ఎక్కువ పెట్టడం మర్యాదే కదా అనుకున్నాడట. ఆడిటర్ కళ్లజోడు మీంచి మమ్మల్ని చూసి, నిజంగానేనా అని మళ్లీ అడిగాడు. నవ్వుతూ అవునన్నాం.

ఏడాది తిరిగేసరికి పేచీ వచ్చింది. వెనక ఇరుసు ఇంకా గట్టిగా చేస్తే తప్ప బండి అమ్మనని ఈయన పట్టు. ముందు అమ్ముదాం, ఇరుసు సంగతి తర్వాత చూసుకుందామని అన్నయ్య. ఎక్కువ వాటా ఎవరిదైతే వారి మాటే చెల్లుతుందని ఆడిటర్ అప్పుడు విడమరిచి చెప్పాడు. మేం మర్యాదకు పెట్టిన ఒకటి అంత బరువుంటుందని మాకేం తెలుసు? మీటింగు పెట్టి మా ఆయన్ని డైరెక్టర్ పదవిలోంచి తీసేశారు. బావగారు సలహాదారుగా ఉండొచ్చు, కుర్చీ ఎక్కడికీ పోదని అన్నయ్య నాకు నచ్చజెప్పాడు. ఆ కుర్చీలో కూర్చుని సలహా ఎవరికి చెప్పాలో మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చి వలవలా ఏడ్చాను. నా నోటిదురద వల్ల ఈయన చేతిలోంచి కంపెనీ పోయింది. "నేను గూడ తలూపిన గద. ఇద్దరం జేసిన తప్పుకు నువ్వొక్కదానివే ఏడుస్తె ఎట్ల?" అన్నాడు ఈయన. ఏడుపులోనే నవ్వొచ్చింది గానీ, నా మీద నాకున్న కోపం మాత్రం చల్లారలేదు. ఉప్పల్లో చిన్న రిపేరు షెడ్డు తెరిచాం. అందులో వాటాలు లేవు, టీ మాత్రం చెరి సగం.

మరుసటి ఎండాకాలం ఇద్దరం రామంతాపూర్ రోడ్డు మీద నడుస్తుంటే, పుచ్చకాయల లోడుతో మా బండి ఒకటి పక్కనుంచి పోయింది. ఈయన చేతిలో సంచి నా మీద పడేసి దాని వెనక పరుగు తీశాడు. సిగ్నల్ దగ్గర అందుకుని, నడిరోడ్డు మీద మోకాళ్లేసి బండి కిందికి తల పెట్టాడు. వెనక హారన్ల మోత. డ్రైవర్ కంగారుగా దిగి, కంపెనీ మనిషివా అని అడిగాడు.

"కంపెనీ నాది గాదు తమ్మీ. బండి జేసింది నేను" అన్నాడు. "ఇరుసు ఇరిగేటట్టున్నది. మా షెడ్డుకు రా, గట్టిది ఏసిస్త."

ఆ డ్రైవర్ సరేనన్నాడు. ఈయన్ని తన పక్కన, నన్ను వెనక పుచ్చకాయల మధ్య కూర్చోబెట్టుకుని, మెల్లగా షెడ్డుకు తోలాడు. దారి పొడుగునా ఈయన అతనికి ఇరుసు గురించి చెబుతూనే ఉన్నాడు, చేతులూపుతూ, నవ్వుతూ. ఆ గొంతు వింటూ కూర్చున్నాక, ఏడాదిగా నా మీద నాకున్న కోపం అక్కడే దిగిపోయింది.