పలకల గని వాడలో పేర్లు

నా చిన్నప్పుడు మేముండే వాడ పలకల గని కోసమే పుట్టింది. దర్శి దాటి పడమరగా చాలా దూరం పోవాలి. బళ్ళో పిల్లలు రాసుకునే నల్ల పలకలు అక్కడి రాతినుంచే వచ్చేవి. మా నాన్న ఆ రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు గనిలో నీళ్ళు ఊరాయి. ఎంత తోడినా తగ్గకపోయేసరికి యజమాని పని ఆపేశాడు. ఒక్కొక్క కుటుంబమే గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి తలుపులు, దూలాలు ఊడదీసి బండికెత్తుకునేవారు. తలుపు పోయిన ఇల్లు ఒక్క వానాకాలం కూడా నిలిచేది కాదు.

మా పక్కింట్లో ఒక సాయిబు తాత ఉండేవాడు. గని మొదలైననాటి మనిషి. చదువు రాదు. నేను మూడో తరగతి, నా దస్తూరీ బాగుంటుందని పేరు. ఒక ఉదయం తాత మూలలు విరిగిన పలకలు కొన్ని నా ముందు పెట్టి, ఒక మేకు చేతికిచ్చాడు. ఖాళీ అయిన ఒక్కో ఇంటి ముందూ నిలబడి, అక్కడ ఎవరుండేవారో, ఏ ఊరినుంచి వచ్చారో, గనిలో ఏం పని చేసేవారో చెప్పేవాడు. నేను చెరిగిపోకుండా గీసి రాసేదాన్ని. ఆ పలకను తాత తీగతో తలుపుకు కట్టేవాడు. నా వేళ్ళు బొబ్బలెక్కాయి. పోయే ఊరికి పేర్లెందుకు మామా అని నాన్న విసుక్కున్నాడు. తాత మరో పలక తీసుకున్నాడు.

ఎండాకాలంలో ఒకాయన తన తలుపు కోసం బండి తోలుకొచ్చాడు. పలక చూసి, దాని మీద ఏముందో నన్ను చదవమన్నాడు. ఉన్నది ఆయన భార్య పేరు. గంపతో రాయి మోసేదని, గట్టు విరిగిపడి గనిలోనే చనిపోయిందని రాసి ఉంది. చదివాను.

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడు.

మూడుసార్లు చదివించుకున్నాడు. పొద్దువాలేదాకా అరుగు మీదే కూర్చుని, ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

అది చూసి కూడా మేము ఆ వాడలో ఆగలేకపోయాం. పూట గడవడం లేదు. బయల్దేరే రోజున తాత మా ఇంటికీ ఒక పలక తెచ్చాడు. నేను రాయనన్నాను. రాస్తే ఇక నిజంగానే పోయినట్టవుతుందనిపించింది. నాన్నే పక్కన కూర్చుని మేకు అందించాడు. ఇక్కడ సుఖంగా బతికామని రాయనా అని అడిగాను.

"లేనిది రాయమాక తల్లీ," అన్నాడు తాత. "పని చేశారని రాయి. దాన్ని ఎవరూ కాదనలేరు."

అలాగే రాశాను. నాన్న మా తలుపు ఊడదీయలేదు.

మరుసటి ఏడు తెలిసింది, ఆ ఖాళీ బండితో వెళ్ళినాయన కొడుకులతో తిరిగొచ్చి కాపురం పెట్టాడట. ఆయన వెనకే ఇంకో నాలుగు కుటుంబాలు. గని మళ్ళీ తెరవలేదు. మేకలు, కాస్త జొన్న, అంతే. పిల్లల్లేక మూసేద్దామనుకున్న బడి మాత్రం నిలబడింది. మేము వెళ్ళలేకపోయాం. నాన్న మిరప కల్లాల్లోనే ముసలివాడయ్యాడు. తాత పోయిన సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మా వీధి చివర పత్తి మిల్లు మూతపడి ఉంది. మోకాళ్ళు సహకరించకపోయినా, అక్కడ పని చేసిన ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎవరు ఏ పని చేశారో అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఇదంతా ఎందుకమ్మా అని మొదట నీరసంగా అంటారు. కాసేపటికి వాళ్ళే నా చెయ్యి పట్టుకుని ఆపి, ఫలానా ఆమెను మర్చిపోయాం, ఆమె పేరు కూడా రాయండి అంటారు.