డబ్బు ముట్టకముందే పెట్టిన సంతకం

ఆ రోజుల్లో అరబ్బు దేశంలో, మా ఖైతాన్ పేట గదిలో సంతకం వచ్చినవాడే దొర, మిగతావాళ్లం వేలిముద్రగాళ్లం. ముప్పై దాటాక, శుక్రవారాలు కింది వీధి టైలరు పక్కన కూర్చుని నా పేరు రాయడం నేర్చుకున్నాను. చదవడం కాదు, పేరొక్కటే. దాంతోనే నా నడక మారిపోయింది. (ఆ నడక నడిచినవాడు ఇప్పుడు ఎదురైతే రెండు పీకుతాను.)

అప్పుడు నేనూ, రాయచోటి భాయ్ అనే ఇంకో మేస్త్రీ కలిసి ఒక కొత్త విల్లాకి మూడు నెలలు టైల్స్ వేశాం. మా ఊళ్లో నా ఇంటికి గోడలు లేచాయి, స్లాబు లేదు. వానల్లోపు వెయ్యాలి. ఈ మూడు నెలల కూలీ దానికే. కొన్ని దేశాల్లో పనిచేసినవాడికి కూలీ ముట్టేదాకా ఆ ఇంటి మీదే హక్కు ఉంటుందట, యజమాని ఇల్లు అమ్మాలన్నా ముందు మన బాకీ తేల్చాలట. మాకు చట్టం తెలియదు, తాళం తెలుసు. డబ్బులిచ్చేదాకా విల్లా తాళంచెవి భాయ్ మొలతాడుకే ఉండేది. "ఇది నా దగ్గర ఉన్నంతసేపే మనం మనుషులం. ఇచ్చినాక మనమెవురో ఆ దొరకి గుర్తుంటదా?" అనేవాడు.

దజీజ్‌లో ఆఫీసున్న మా మేనేజరు ఒకరోజు అరబ్బీ కాగితం పట్టుకొచ్చాడు. మాది ఆయనదీ ఒకే జిల్లా. మూడు నెలలూ 'ఒరే' అన్న నోటితోనే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ గారూ, మీకు సంతకం వచ్చటగా. ఏదీ, ఒక్కసారి పెట్టండి, చూద్దాం."

"ఇదేం కాగితమండీ?"

"ఏం లేదండి. ఇదిస్తేనే యజమాని బిల్లు వదుల్తాడు. రేపు మీ డబ్బులు మీ చేతిలో ఉంటాయి."

"ముందు దుడ్లియ్యి సామీ, తర్వాత పెడతాం" అన్నాడు భాయ్.

"వేలిముద్రగాణ్ణి ఎవరడిగారండీ? నేను చదువుకున్నాయనతో మాట్లాడుతున్నాను."

అంతే, చదువుకున్నాయన పొంగిపోయాడు. ఒకచోట అడిగితే మూడుచోట్ల పెట్టాను. తాళంచెవి కూడా భాయ్ మొలలోంచి నేనే విప్పి ఇచ్చాను.

మర్నాటి నుంచి మేనేజరు ఫోను మోగలేదు. యజమాని దగ్గరికి వెళ్తే ఆ కాగితమే తీసి చూపించాడు. ఆయన డ్రైవరు హైదరాబాదువాడు, చదివి తెలుగులో చెప్పాడు: "పైసలన్నీ ముట్టినయ్, ఈ ఇంటి మీద మా ఇద్దరికింక ఏ హక్కూ లేదు అని రాసుంది. డబ్బు మీ మేనేజర్‌కి ఇచ్చేసిన్రు. ఈ సంతకం నీదేనా అని అడుగుతున్రు."

భాయ్ నా డొక్కలో పొడిచాడు. "కాదను అన్నా. నాది కాదను."

నేను కాగితం వైపు చూశాను. నా పేరు, మూడుసార్లు, వరసగా, ముత్యాల్లా. "నాదే" అన్నాను. (కాదనడానికి నోరు రాలేదంటే నమ్మండి.) ఆయన "ఖలాస్" అని తలుపేసుకున్నాడు. గదికొచ్చాక భాయ్, "చదువు రానోణ్ణి నేను తాళం కాపాడితి. సగం వచ్చినోడివి నువ్వు ఇద్దర్నీ ముంచితివి" అన్నాడు.

ఆ వానలు మా ఆవిడ టార్పాలిన్ కిందే గడిపింది. తర్వాత పట్టుదలతో చదవడం కూడా నేర్చుకున్నాను, తెలుగూ, పనికి సరిపడా అరబ్బీ. ఇప్పుడు మావాళ్లు కాగితాలు నాకు చూపించిగానీ సంతకం పెట్టరు. 'ముట్టింది' అన్న మాట కనబడితే, ముట్టాకే పెట్టమంటాను. ఆ జాతి మేనేజర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నారు, మారింది వాళ్ల సెంటు ఒక్కటే.

టైల్స్ డబ్బా మీద కాగితం పరుచుకుని, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, పేరు దిద్దుకున్న ఆ వెర్రివాణ్ణి తిట్టడం మొదలుపెడతాను, సగంలో ఆగిపోతాను. ఆ తర్వాత ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు. అంత అందంగా మళ్లీ ఒక్కటీ కుదరలేదు.