వినుకొండ సెలూన్‌లో మంగళవారం పాట

గుంటూరులో మా కాలనీ భజన బృందం మూడో నెలకే, మైకు ముందు ఎవరు కూర్చోవాలన్న గొడవతో చీలిపోయింది. వినుకొండలో ఒక సెలూన్ మేళం ముప్పై ఏళ్లుగా పాడుతోందని ఆ రోజుల్లోనే విన్నాను. అంతకాలం కొట్టుకోకుండా ఎలా ఉన్నారో చూద్దామని, జూన్‌లో ఒక మంగళవారం ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. టికెట్టు నూట ముప్పై. నరసరావుపేట దాకా నిలబడే వెళ్లాను కాబట్టి చెబుతున్నాను, కాస్త ముందే వెళ్లి సీటు పట్టుకోండి. తొమ్మిదింటికి వినుకొండలో దిగి ఆటో మాట్లాడుకున్నాను, నలభై రూపాయలు.

"ఇయ్యాల సెలూన్లకి సెలవండీ, కటింగ్ దొరకదు" అన్నాడు డ్రైవర్.

"పాట కోసమండీ."

"సెలూన్ వెంకటేశ్వర్లు గారి మేళమా! మంచి రోజే వచ్చారు. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయన ఇవాళే మొదటిసారి పాడుతున్నారు."

సెలూన్‌లో కుర్చీలు గోడవారకి జరిపి చాపలు పరిచారు. రెండో గొంతు సుభానీ, మిర్చి బస్తాలు మోసే హమాలీ. టీ ఇచ్చి మేళం చరిత్ర ఆయనే చెప్పాడు. ఒకరోజు రేడియోలో పాట వస్తుండగా కరెంటు పోయిందట. గడ్డం గీయించుకుంటున్నాయన తప్ప సెలూన్‌లో ఉన్న అందరూ ఆ పాట పూర్తి చేశారట. అప్పటినుంచి సెలవు రోజు పాటకి కేటాయించారు. కల్లాల రోజుల్లో మిరప ఘాటుకి గొంతులు బొంగురుపోతాయి కాబట్టి ఆ మూడు నెలలూ హార్మోనియం ఒక మెట్టు దించి పాడతారు. దాన్ని మిర్చి శ్రుతి అంటారు. జూన్‌లో మళ్లీ పైకి వెళ్లాలి. ముందు పాడేవాడు ఆగితే అతని చరణాన్ని ఇంకొకరు అందుకోకూడదన్నది ఇంకో కట్టుబాటు.

"వెంకటేశ్వర్లన్న ఇవాళ పాడలేకపోతే మేళం ఆపేద్దామన్నాడండీ" అని సుభానీ గొంతు తగ్గించాడు.

పదింటికి వెంకటేశ్వర్లు గారు ముందు పీట మీద కూర్చున్నారు. మెడ మీద కుట్ల గుర్తు కనిపిస్తోంది. హార్మోనియం వాయించేవాడు జాలిపడి కింది మెట్టు పట్టబోతే, "సీజనయిపోలా? పై శ్రుతే పట్టు" అని గదిమారు. పల్లవి బాగానే సాగింది. చరణంలో మొదటి మాటకే గొంతు పట్టేసింది. మళ్లీ ఎత్తారు, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎవరూ అందుకోలేదు. తాళాలు మాత్రం ఆగకుండా మోగుతున్నాయి. సుభానీ తలెత్తలేదు. నాకు లేచి బయటికి పోవాలనిపించింది.

ఆయనే లేచారు. వెనక్కి వచ్చి సుభానీ పక్కన చాప మీద కూర్చున్నారు.

"నువ్వెత్తుకోరా."

"అది నీ చరణం అన్నా. నేనెట్టా పాడతా?"

"వెనక నేనున్నాగా, పాడెహె."

సుభానీ ఒక మెట్టు దించి మిర్చి శ్రుతిలో ఎత్తుకున్నాడు. రెండో పాదం దగ్గర వెంకటేశ్వర్లు గారి గొంతు సన్నగా కలిసింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను.

పాట అయ్యాక పులిహోర పొట్లం నా చేతిలో పెడుతూ ఆయన అన్నారు: "ముప్పై ఏళ్లు ముందు కూర్చుని నా గొంతే విన్నానండి. వీళ్లింత బాగా పాడతారని ఇయ్యాలే తెలిసింది."

మేళం ఆగలేదు. తిరుగు బస్సులో చాలాసేపు ఆ మాటే నెమరేసుకున్నాను. ముందుండటం గొప్పని ఇన్నాళ్లూ అనుకున్నాను. లేచి చోటివ్వడానికి అంతకంటే ఎక్కువ దమ్ము కావాలి.

మీరూ వెళ్తే మంగళవారం పదిలోపు చేరుకోండి. ముందు చాప మీద మాత్రం కూర్చోకండి. వెంకటేశ్వర్లు గారి గొంతు వెనక గోడ దగ్గరైతేనే వినిపిస్తుంది.